కార్తీకంలో మాల వేసే ముందు: శ్రీకాకుళంలో మేం తొమ్మిది రోజులున్న డీ-అడిక్షన్ వార్డు

కార్తీకం దగ్గరపడింది. నేను కాశీబుగ్గలో టైలరింగ్ చేస్తాను. స్వాముల నల్ల బట్టలకి అప్పుడే ఆర్డర్లు మొదలయ్యాయి. నల్లగుడ్డ మిషన్ మీద పెట్టినప్పుడల్లా పోయిన ఏడాది ఇవే రోజులు కళ్ల ముందుకొస్తున్నాయి. మాల వేసేలోపు ఎవరి ఇంట్లోనైనా ఎవరో ఒకరు చదువుతారని ఈ రివ్యూ ఇప్పుడు రాస్తున్నాను.

శ్రీకాకుళం టౌన్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తాగుడు మాన్పించే వార్డు గురించి ఇది. మా ఆయన్ని అక్కడ తొమ్మిది రోజులు ఉంచాం. ఆ తర్వాత పదకొండు నెలలుగా ఓపీకి వెళ్తున్నాం. ఆసుపత్రి పేరు రాయడం లేదు. మాది చిన్న ఊరు, ఆ పేరు రాస్తే ఆటో స్టాండులో అందరికీ ఆయన ఎవరో తెలిసిపోతుంది. "రాయి, నలుగురికీ పనికొస్తుంది. నా పేరు మాత్రం వద్దు" అన్నాడు. ఆ మాట మీదే రాస్తున్నాను. స్టార్లు అడిగితే 5కి 4 ఇస్తాను.

మా ఆయనకు 44 ఏళ్లు. సొంతూరు ఉద్దానంలో, కవిటి వైపు. పలాస స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడు. మొదట్లో సాయంత్రం ఒక క్వార్టర్ తాగేవాడు, తర్వాత రెండయ్యాయి. ఆఖరి రెండేళ్లు పొద్దున్న లేవగానే గొంతులో ఓ గుక్క పడితేగానీ ఆటోకి తాళంచెవి పెట్టలేకపోయేవాడు, చేతులు అంతలా వణికేవి. పళ్లు తోమకుండా తాగుతున్నాడంటే సిగ్గు వదిలేశాడనే అనుకున్నాం. జబ్బు ముదిరితే అలాగే ఉంటుందని మాకెవరూ చెప్పలేదు.

అంతకుముందు రెండుసార్లు ప్రయత్నించాం. మొదటిసారి మూడు నెలలకు 30,000 ముందే కట్టించుకుని చేర్చుకున్న ఒక సెంటర్. అక్కడ డాక్టరు లేడు. తలుపుకి బయట నుంచి తాళం వేసేవారు. మనిషిని చూడనివ్వలేదు, ఫోన్ కూడా ఇవ్వలేదు. 21 రోజులకు మా మరిది వెళ్లి గొడవపడి తీసుకొచ్చాడు. అప్పటికే సగమైపోయాడు. ఆ సాయంత్రమే తాగాడు.

రెండోది నేను చేసిన తప్పు. ఎవరో తెచ్చిచ్చిన మాత్రలు పొడి చేసి, ఆయనకు తెలియకుండా సాంబారులో కలిపాను. ఆ రాత్రి తాగి వచ్చాక ముఖం ఎర్రగా కందిపోయింది, ఒకటే వాంతులు, గుండె దడదడా కొట్టుకుంటోంది, చెమటలు పట్టి నేల మీద కూలబడ్డాడు. నేను చంపేశాననుకున్నాను. అది డైసల్ఫిరామ్ అనే మందట. ఒళ్లు మద్యాన్ని విరిచేటప్పుడు మధ్యలో తయారయ్యే విషాన్ని అది బయటకు పోనివ్వదు. మనిషికి చెప్పి, పరీక్షలు చేసి, తాగితే ఏమవుతుందో అతనికి పూర్తిగా తెలిశాకే ఇవ్వాల్సిన మందు. వేసుకోవడం ఆపాక కూడా రెండు వారాల వరకూ దాని ప్రభావం ఉండొచ్చు. ఈ సంగతి శ్రీకాకుళం డాక్టరమ్మగారికి చెప్పి ఏడ్చాను. ఆవిడ కోప్పడలేదు, "మీ ఊళ్లో ఇంకెవరైనా ఇలా కలుపుతుంటే ఆపించమ్మా, గుండె జబ్బున్నవాళ్లయితే ప్రాణాలే పోతాయి" అన్నారు. అక్కా, చెల్లీ, ఎవరు చదువుతున్నా సరే, ఆ పని చేయకండి.

ఇక పోయిన కార్తీకం. ఆదివారం రాత్రి 9 గంటలకు ఆఖరి చుక్క తాగి, సోమవారం తెల్లవారుజామున గుడిలో మాల వేసుకున్నాడు. మా అత్త సంతోషంతో కళ్లనీళ్లు పెట్టుకుంది. 41 రోజులు ముట్టకుండా ఉంటే తర్వాత దానంతటదే పోతుందని అందరి నమ్మకం. సాయంత్రానికి వణుకు, వాంతులు, ఒళ్లంతా చెమట. ఒంటిపూట భోజనం, నీరసం అనుకున్నాం. మంగళవారం నాలుగున్నరకి చన్నీళ్ల స్నానానికి లేచినవాడు నూతి గట్టు దగ్గర ఫిట్స్ వచ్చి పడిపోయాడు, తల గట్టుకి తగిలింది. ఊరి డాక్టరు వచ్చి గ్లూకోజ్ బాటిల్ పెట్టాడు. పాపం, మంచి మనసుతోనే పెట్టాడు. బుధవారం సాయంత్రానికి గోడతో మాట్లాడటం మొదలైంది. ఇంటికొచ్చిన వాళ్లలో సగం మంది స్వామి పూనాడని దండాలు పెట్టారు.

ఆ రాత్రి గురుస్వామి వచ్చి చూసి, ఒళ్లు పట్టి చూశారు. పెనంలా కాలిపోతోంది. ఆయనే మాల తీశారు. "ఇది పూనకం కాదమ్మా, నేనిలాంటివి చూశాను. ముందు ప్రాణం కాపాడండి, అయ్యప్ప ఏమీ అనుకోడు" అన్నారు. ఆ మాట అనకపోతే మా అత్త కదలనిచ్చేది కాదు. మా మరిది కారు మాట్లాడాడు. టెక్కలి, నరసన్నపేట దాటి శ్రీకాకుళం చేరేసరికి అర్ధరాత్రి.

ఆసుపత్రిలో నాకు మొట్టమొదట నచ్చింది వాళ్లడిగిన ప్రశ్న. డబ్బు కట్టమనలేదు, ఎందుకు తాగనిచ్చావని నన్ను నిలదీయలేదు. "ఆఖరిసారి తాగింది ఏ రోజు, ఎన్ని గంటలకు?" అని డ్యూటీ డాక్టరు అడిగారు. చెప్పాను. వేళ్ల మీద గంటలు లెక్కపెట్టుకుని, "డెబ్బై అయిదు. ఫిట్స్ ఎప్పుడొచ్చాయి? ఎన్నిసార్లు? గ్లూకోజ్ ఏమైనా ఎక్కించారా?" అన్నారు. ఎక్కించారనగానే సిస్టర్‌ని పిలిచి ముందు బి1 ఇంజెక్షన్ నరంలోకి ఇప్పించారు. రోజూ తాగేవాళ్ల ఒంట్లో ఈ బి1 విటమిన్, అంటే థయామిన్, దాదాపు అడుగంటిపోతుందట. గ్లూకోజ్ ఖర్చు కావాలంటే అది కావాలి. అది లేకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలింది కూడా అయిపోయి, మెదడు దెబ్బతిని, చూపు తేడా చేసి, నడక తూలిపోయి, జ్ఞాపకం శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది. అందుకే బి1 ముందు, లేదంటే కనీసం రెండూ కలిపి. తల గట్టుకి తగిలిందని సీటీ స్కాన్ తీశారు. షుగరు, సోడియం, పొటాషియం, మెగ్నీషియం, లివరు, కిడ్నీ, అన్నింటికీ రక్తం తీసుకున్నారు. ఆ రాత్రంతా పావుగంటకోసారి ఎవరో ఒకరు వచ్చి చూశారు.

ఆ రాత్రి నేను చూసింది చెప్పాలి. మంచం మీద పడుకునే మా ఆయన ఆటో నడిపాడు. కుడిచేత్తో మంచం కడ్డీ పట్టుకుని ఎక్సలేటర్ తిప్పుతున్నాడు. ఎడమచెయ్యి క్లచ్ నొక్కుతోంది. "మందస, మందస! ఇంకొక్కరు!" అని కేకలు. ఉన్నట్టుండి ఆగి, దుప్పటి మీద ఏదో ఏరడం మొదలుపెట్టాడు. బొటనవేలు, చూపుడువేలు కలిపి ఒక్కొక్కటే ఏరి, ఎడమ అరచేతిలో వేసుకుని, లెక్కపెట్టి నావైపు చాపాడు. చిల్లర ఇస్తున్నాడు నాకు. అరచేతిలో ఏమీ లేదు. నేనెవరో ఆయనకు తెలియదు. ఆ చెయ్యి అలాగే చాపి ఉంచితే, ఏం చేయాలో తోచక తీసుకున్నట్టు నటించి కొంగున కట్టుకున్నాను. అప్పుడు ఊరుకున్నాడు.

సెలైన్ సూది రెండుసార్లు పీకేస్తే మెత్తటి గుడ్డతో చేతులు కట్టారు. నాకు పాత సెంటర్ గుర్తొచ్చి గట్టిగా ఏడ్చేశాను. సిస్టర్ నా చెయ్యి తీసుకుని ఆ ముడి కింద తన రెండు వేళ్లు దూర్చి చూపించింది. "బిగించలేదు, చూడమ్మా. మందు పనిచేయగానే విప్పేస్తాం" అంది. తెల్లవారకముందే విప్పారు. అక్కడికీ ఇక్కడికీ తేడా నాకు ఆ రెండు వేళ్ల సందులో తెలిసింది.

మర్నాడు డాక్టరమ్మగారు ఆయన పనేంటో అడిగి, నాకు ఇలా చెప్పారు. మద్యం మెదడుకి బ్రేకులాంటిది. ఏళ్ల తరబడి బ్రేకు నొక్కే ఉంచితే, బండి ఆగిపోకుండా మెదడు ఎక్సలేటర్ పెంచుకుంటూ పోతుంది. ఒక్కరోజులో బ్రేకు తీసేస్తే ఎక్సలేటర్ మాత్రం అలాగే ఉండిపోతుంది. వణుకు, చెమట మానిన ఆరేడు గంటల నుంచే మొదలవుతాయి. ఫిట్స్ సాధారణంగా 48 గంటల లోపు వస్తాయి. మనిషి తెలివి తప్పి లేనివి కనపడటం రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో. మా ఆయనకు గడియారం పెట్టినట్టు అలాగే వచ్చాయి. ఈ ఆఖరిదాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. సరైన మందులు లేని రోజుల్లో దీనితో చాలామంది చనిపోయేవారట. ఇప్పుడు వేళకు ఆసుపత్రికి వస్తే నూటికి 5 మంది లోపే.

వైద్యం ఏమిటంటే, ఆ బ్రేకుకి బదులు డాక్టరు చేతిలో ఉండే బ్రేకు వేసి, దాన్ని రోజురోజుకీ కొంచెం కొంచెం వదలడం. మామూలుగా క్లోర్‌డయాజెపాక్సైడ్ ఇస్తారు. మా ఆయనకు లివరు వాచి ఉంది కాబట్టి లోరజెపామ్ ఇచ్చారు, పాడైన లివరుకి అది తేలిక. మొదట నరంలోకి, తర్వాత మాత్రలు, ఎనిమిదో రోజుకి పూర్తిగా ఆపేశారు. "నిద్ర పట్టడం లేదు, ఇంటికి నాలుగు రాసివ్వండి" అని బతిమాలితే ఇవ్వలేదు. అది కూడా అలవాటు పడే మందేనట. అప్పుడు విసుక్కున్నాను, ఇప్పుడు వాళ్లదే సరైన పని అంటాను.

ఆయనకు తెలివి వచ్చాక సిస్టర్ ఒక కాగితం పట్టుకుని నాలుగు గంటలకోసారి వచ్చేది. చేతులు ముందుకు చాపి వేళ్లు విడదీయమనేది. అరచేతులు తడిమేది. "ఒంటి మీద పురుగులు పాకినట్టుందా? లైటు కళ్లల్లో పొడుస్తోందా? ఈ రోజు ఏ వారం?" ఇలా పది అంశాలు, మొత్తం 67 మార్కులు. ఎన్ని తక్కువొస్తే అంత మంచిది. మొదటిసారి 24 వచ్చింది. ఆరో రోజు 5. నేను నా టేపు వెనక ఆ అంకెలన్నీ పెన్నుతో రాసుకున్నాను, ఇంకా చెరిగిపోలేదు.

పక్క మంచానికి ఒక రాత్రి కాలేజీ అబ్బాయిని తెచ్చారు, పుట్టినరోజు పార్టీలో తాగి స్పృహ తప్పాడు. స్నేహితులు దారిలో మజ్జిగ, నిమ్మరసం తాగించబోయారట. సిస్టర్ వాళ్లకి గట్టిగా చెప్పింది: మజ్జిగతో మత్తు దిగదు, స్పృహ లేనివాడి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. షుగరు చూసి, పక్కకి పడుకోబెట్టి, తెల్లవార్లూ ఊపిరి గమనిస్తూ కూర్చున్నారు. పొద్దున్న లేచి నడిచి వెళ్లాడు.

కిడ్నీ సంగతి ఉద్దానం వాళ్లందరూ చదవాలి. సొంతూరు కవిటి వైపు అనగానే డాక్టరమ్మగారు పెన్ను ఆపి, "క్రియాటినిన్ రానీ, అప్పుడు రాస్తాను" అన్నారు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అది. రిపోర్టులో 1.8 వచ్చింది, ఉండాల్సిన దానికంటే ఎక్కువ. తాగాలనే యావ తగ్గించడానికి రెండు మందులు ఎక్కువగా వాడతారట. నాల్ట్రెక్సోన్, రోజుకో మాత్ర. దానికి లివరు చూసుకోవాలి. రెండోది అకాంప్రోసేట్. అది లివరు జోలికి పోదు, కిడ్నీల్లోంచి బయటకు పోతుంది. మామూలు వాళ్లకి రోజుకు ఆరు మాత్రలు, పూటకి రెండు చొప్పున. మా ఆయన కిడ్నీలకి పూటకి ఒకటే. కిడ్నీల పనితనం ఇంకా తగ్గి ఉంటే అసలు ఇచ్చేవాళ్లు కాదు. ఆ పరీక్ష చూడకుండా అందరికీ రాసినట్టే రాసి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ అనుకుంటాను. మా పల్లెల్లో కిడ్నీలు పాడైన మనుషులు లేని వీధి లేదు. 2023 డిసెంబరులో పలాసలో తెరిచిన కిడ్నీ ఆసుపత్రిలో మూడు నెలలకోసారి చూపించుకోమని చీటీ కూడా రాసిచ్చారు.

లోపాలు కూడా చెప్పాలి. 14 మంచాలకి రెండే బాత్రూములు, ఒకదానికి గడియ పడదు. మగవాళ్ల వార్డులో తోడుండేది మాలాంటి ఆడవాళ్లే, మేము ఒకరికొకరు కాపలా ఉండి వెళ్లాల్సి వచ్చింది. మూడుసార్లు చెప్పాను, బాగుచేయలేదు. తోడున్నవాళ్లకి ప్లాస్టిక్ కుర్చీయే మంచం. అకాంప్రోసేట్ వాళ్ల మెడికల్ షాపులోనే అయిపోయింది. మా ఊళ్లో దొరకదు, విశాఖపట్నం నుంచి తెప్పించడానికి మూడు రోజులు పడుతుంది. ఇప్పుడు పది రోజుల మాత్రలు ఉండగానే ఆర్డరు పెడుతున్నాను. కౌన్సెలర్ మంచివాడు, కానీ ఒక్కడే. వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాలు. దానికింకా టైము కావాలి. ఒక స్టారు ఇందుకే తగ్గించాను.

బెడ్, మందులు, స్కాన్, పరీక్షలు అన్నీ కలిపి 27,400 అయింది. నా గాజులు పెట్టాను. తొమ్మిదో రోజు చేతికిచ్చిన కాగితం అంతా ఇంగ్లీషు. నా ముఖం చూసి సిస్టరే దాన్ని వెనక్కి తిప్పి తెలుగులో రాసిచ్చింది. పొద్దున మాత్రకి సూర్యుడి బొమ్మ, మధ్యాహ్నానికి కంచం, రాత్రికి చంద్రుడు. ఆ కాగితం ఫ్రిజ్ మీద అతికించాను. మా అత్త చదువుకోలేదు, అయినా ఆ బొమ్మలు చూసి మాత్రలు తీసి చేతిలో పెడుతుంది.

ఆ ఇరవై నిమిషాల్లో కౌన్సెలర్ అడిగిన ఒక్క ప్రశ్న మా రోజుల్ని మార్చింది. "ఏ టైముకి, ఎక్కడ ఉన్నప్పుడు తాగాలనిపిస్తుంది?" సాయంత్రం 6 గంటలకి, ఆటో స్టాండులో. పక్కనే వైన్ షాపు, దాని ముందు బజ్జీల బండి. మిరపకాయ బజ్జీ వాసన ముక్కుకి తగిలితే చాలు, నోరు ఊరేదట. ఇప్పుడు స్టేషన్‌కి అవతలి వైపు స్టాండుకి మారాడు, అయిదున్నరకి ఇంటికొచ్చి తిని మళ్లీ వెళ్తాడు. కడుపు నిండి ఉంటే యావ సగం తగ్గుతుందని ఆయనే చెబుతాడు. నాకు కూడా చెప్పారు, జేబులు వెతకడం, నోరు వాసన చూడటం మానేయమని. మొదట్లో నా వల్ల కాలేదు.

భోగి రోజు జారాడు. కవిటిలో అన్నదమ్ముల దగ్గర తాగి వచ్చాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ రాత్రి 14416కి ఫోన్ చేశాను. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ నంబరు అది, డబ్బులు పడవు, రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులో మాట్లాడతారు. తిట్టకుండా పడుకోబెట్టమన్నారు, ఫిట్స్ చరిత్ర ఉంది కాబట్టి మర్నాడే డాక్టరుకి చూపించమన్నారు. పండగ పూట శ్రీకాకుళం వెళ్లాం. డాక్టరమ్మగారు చూసి, "ఎన్ని రోజులు మానావు?" అని అడిగారు. లెక్కపెట్టి రెండు నెలలు పైనే అన్నాడు. "అయితే ఆ రెండు నెలలు ఎలా ఉండగలిగావో చెప్పు" అన్నారు. తలవంచుకుని వెళ్లినవాడు గంటసేపు మాట్లాడాడు. ఆ తర్వాత ముట్టలేదు.

ఈ వార్డు అందరికీ అక్కర్లేదని కూడా డాక్టరమ్మగారే చెప్పారు. తక్కువ తాగేవాళ్లకి, ఒళ్లు బాగున్నవాళ్లకి ఇంటి దగ్గరే మాత్రలతో, డాక్టరు రమ్మన్నప్పుడల్లా చూపించుకుంటూ మాన్పించవచ్చు. పొద్దున్నే తాగకపోతే వణికేవాళ్లు, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు, లివరో కిడ్నీయో దెబ్బతిన్నవాళ్లు మాత్రం ఇంట్లో ఒక్కసారిగా మానకూడదు. మీ ఇంట్లో అలాంటి మనిషి మాల వేస్తానంటే వద్దనకండి. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. వారం పది రోజులు మందుతో మాన్పించి, ఆ తర్వాత వేయించండి. మా గురుస్వామి ఈసారి మాల అడిగిన ప్రతి ఒక్కరినీ పక్కకి పిలిచి "పొద్దున తాగుతావా?" అని అడుగుతున్నారు.

ఓపీ మంగళ, శుక్రవారాలు. పొద్దున 8 లోపు వెళ్తే టోకెన్ దొరుకుతుంది, పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్లండి. మా చెకప్ వచ్చే శుక్రవారం. ఈ ఏడాది మళ్లీ మాల వేస్తానంటున్నాడు. ఒంటిపూట భోజనం, చన్నీళ్ల స్నానం ఆ కిడ్నీలకి సరిపడతాయో లేదో, మాత్రలు ఏ వేళకి వేసుకోవాలో ఆ రోజే అడుగుతాం. ఆయన నల్ల లుంగీ గుడ్డ కత్తిరించి పక్కన పెట్టాను, ఇంకా కుట్టలేదు.